నాటు మేకకు వంశము లేదా?



ఆదికాండము 30వ అధ్యాయములో యాకోబు అడిగిన జీతము మనకు తెలిసినదే. మందలో మచ్చలు గల మేకలు తనవి కావలెనని అతడు అడిగెను. లాబాను గడుసువాడు. ఆ దినముననే అట్టివాటిని ఏరించి, మూడు రోజుల నడక దూరమునకు తోలించెను. యాకోబు చేతిలో మిగిలినవి ఒకే రంగువి. అయినను వాటికి మచ్చల పిల్లలు పుట్టెను. యాకోబు చువ్వలు ఒలిచి నీళ్ల తొట్లలో పెట్టిన సంగతినే మనము ఎక్కువగా చెప్పుకొందుము గాని, 31వ అధ్యాయములో అతడు తన భార్యలకు చెప్పిన కలను దాటిపోవుదుము. మందలోని పోతులే మచ్చలు గలవని ఆ కలలో అతనికి కనబడెను. పైకి ఒకే రంగుగా నున్న మేకలో వేరొక రంగు దాగియుండి, తలిదండ్రులిరువురి నుండి వచ్చినప్పుడు పిల్లలో బయటపడవచ్చునని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. లాబాను తోలును చూచి ఏరెను. లోపలిదానిని ఏరుట అతని వశము కాలేదు.

మనమును తోలును చూచియే ఏరుచున్నాము. మన పలాస, టెక్కలి సంతలలోను, ఉద్దానపు ఊళ్లలోను చిన్న మేకను "నాటుది, జాతి లేనిది" అందురు. కోతపండుగ వేలములో పెద్ద చెవుల పోతు వచ్చినప్పుడు పాట జోరుగా సాగును. ఒక విధవరాలు తెచ్చిన నల్లపిల్ల వచ్చినప్పుడు నవ్వులు వినబడును. ప్రభుత్వపు లెక్కలును ఇంచుమించు అట్లే యున్నవి. 2019 పశుగణనలో మన దేశపు మేకలు సుమారు 14.88 కోట్లు. వాటిలో అధిక భాగము ఏ జాతి పేరును లేనివిగానే వ్రాయబడినవి. పేరు లేనిదానికి విలువ లేదా? దానికంటె లాభకరమైనది దొరికినప్పుడు దానిని లేకుండ చేయుటకు మనకు హక్కు కలదా? ఇది బజారు ప్రశ్నవలె కనబడును గాని, సృష్టిని మనకప్పగించినవానికి లెక్క చెప్పవలసిన ప్రశ్న.

మొదట వంశము మాట చూతము. లోకములోని పెంపుడు మేకలకు మూలము పడమటి ఆసియా కొండలలో నేటికిని తిరుగుచున్న బెజోవర్ అను అడవి మేక. సుమారు 10,000 సంవత్సరముల క్రిందట మనుష్యులు దానిని మచ్చిక చేసికొనిరి. ఇరాను దేశపు గంజ్ దారే అను చోట దొరికిన ఎముకలనుబట్టి, ఆ కాలపువారు మగపిల్లలను చిన్ననాడే కోసికొని, ఆడువాటిని ఈతకు ఉంచుకొనిరని తెలిసినది. మన కాపరులు చేయునదియు అదియే గదా! మచ్చిక చేయుట ఒక్క చోటనే, ఒక్క మంద నుండియే జరుగలేదనియు, వేర్వేరు తావుల అడవి మందలు ఇందులో కలిసినవనియు పాత ఎముకల పరిశోధన 2018లో చూపినది. లోకపు మేకలలో తల్లివైపు వచ్చు భేదమును లెక్కించినప్పుడు, ఖండమునకును ఖండమునకును మధ్య నున్నది ఇంచుమించు నూటికి 10 వంతులు మాత్రమేనని 2001లో తేలెను. మిగిలినదంతయు ఒక్కొక్క ఖండపు మేకలలోనే యున్నది. మనుష్యుడు ఓడలోను, కాలినడకనను పోయిన చోటికెల్ల మేక వెంట పోయినందున అవి అంతగా కలిసిపోయినవి. కాబట్టి కలగలుపు లేని మేక యేదియు లేదు. జమునాపారి మేకకు పేరున్నది, నాటు మేకకు పేరు లేదు. పూర్వికుల విషయములో రెండును చుట్టములే.

పేరు వచ్చుట కూడ ఎంత యాదృచ్ఛికమో మన ప్రక్కనే చూడవచ్చును. ఒడిశాలో గంజాము మేక అను పేరుగల జాతి యున్నది. పొడుగు కాళ్లు, పైకి లేచిన కొమ్ములు, నలుపు ఎక్కువ. 1936 వరకు మన టెక్కలి, పలాస ప్రాంతములును గంజాము జిల్లాలోనివే. ఆ సంవత్సరము ఒరిస్సా ఏర్పడగా సరిహద్దు గీయబడెను. 1950లో శ్రీకాకుళము జిల్లా ఏర్పడెను. మేకలకు ఈ గీతల సంగతి తెలియదు.

అయితే పెద్ద పోతును తెచ్చువానిని మేము నిందింపము. బిడ్డ చదువుకు రుసుము కట్టవలసినవాడు మాంసము ఎక్కువ వచ్చుదానిని కోరుట పాపమా? కాదు. కాని ఊరంతటికి ఆ ఒక్క పోతే యైనయెడల, మూడు నాలుగేండ్లలో దాని కూతుళ్లే దానికి జోడగును. దాగియున్న లోపము రెండు వైపులనుండి వచ్చి, పిల్లలు బక్కచిక్కి చచ్చును. ఇంకొకటి మరింత చెడ్డ అలవాటు: బాగుగా ఎదిగిన మగపిల్లను మొదట కసాయికి అమ్మి, ఎవరును కొననిదానిని మందకు పోతుగా ఉంచుట. మలాకీ ప్రవక్త గ్రుడ్డిదానిని, కుంటిదానిని బలిగా తెచ్చినవారిని గద్దించెను. మనము వాటిని రేపటి మందకు తండ్రులుగా ఉంచుచున్నాము.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానములో కొబ్బరిని, జీడిని కూల్చినప్పుడు, చెట్టు మరల కాపుకు వచ్చుటకు ఏండ్లు పట్టును గదా. మేక ఐదు నెలలకు ఈనును. ఇసుక నేలలో దొరికిన ఆకు మేసి, ఈ వేడిని, ఈ ఉప్పుగాలిని తరతరములుగా ఓర్చినవి ఆ పేరులేని మేకలే. రేపు ఏ రోగము వచ్చునో, ఏ ఎండ కాయునో మనకు తెలియదు. దానికి తట్టుకొను గుణము ఏ నల్లపిల్లలో దాగియున్నదో అదియు తెలియదు. తెలియనిదానిని చెరిపివేయుటకు వెనుదీయవలెను గదా.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మేకలను కలుపుటకు వెనుకాడనివారే, సంఘములోనికి క్రొత్తవాడు వచ్చినప్పుడు "మీరు ఏ ఇంటివారు?" అని మెల్లగా అడుగుదురు. ఆ ప్రశ్న ఎక్కడికి పోవునో అడుగువారికిని, అడుగబడినవారికిని తెలియును. అది లాబాను ఏరుడు వంటిదే. పస్కా పిల్లను గొఱ్ఱెలలోనుండియైనను మేకలలోనుండియైనను తీసికొనవచ్చునని నిర్గమకాండము 12వ అధ్యాయములో ఉన్నది. మచ్చ యేదియు లేనిదిగా నుండవలెననెను గాని, దాని తాత ఎవరని అడుగలేదు.

కోతపండుగ దగ్గర పడుచున్నది. టెక్కలి వైపు పోతు గలవారును పలాస వైపువారును రెండేండ్లకొకమారు పోతులను మార్చుకొనుటకు పెద్దలు మాటలాడవలెను. వేలములో కొన్నవారు అన్నిటిని కూరకే కోయక, బాగుగా ఎదిగిన నాటు పోతునొకదానిని ఊరి మందకు విడువగలరేమో చూడుడి. మేత ఖర్చుకు కానుకపెట్టె నుండి కొంత ఇచ్చుటకు సంఘ కమిటీ ఒప్పుకొనునని మా నమ్మకము.