నాన్నమ్మ నర్సుకే ఎందుకు చెప్పింది?

మా తెలుగు సంఘం ఉగాది సంచికకి విలువల మీద ఏదైనా రాసిమ్మని సంపాదకవర్గం అడిగింది. గడువు దగ్గరపడుతుండగా, ఒక రాత్రి భోజనాల దగ్గర మా అబ్బాయి అన్నాడు: "అమ్మా, నాన్నమ్మ నర్సుకి నిజం చెబుతుంది. మనకి మాత్రం బాగానే ఉన్నానంటుంది."

వాడు ఎనిమిదో గ్రేడు. తుంటి ఆపరేషనై ఇంటికొచ్చిన మా అత్తయ్యగారి కోసం హోమ్ కేర్ నర్సు వస్తోంది. ఆ రోజు బడికి సెలవు కావడంతో వాడు అదే గదిలో లెక్కలు చేసుకుంటున్నాడు. నర్సు తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ఫోన్లో కలిపి, స్పీకర్లో పెట్టి, "ఈ మధ్య ఎప్పుడైనా పడ్డారా?" అని అడిగింది. అత్తయ్యగారు చెప్పేశారు. బాత్రూమ్‌లో జారి పడ్డానని, గోడ పట్టుకుని లేచానని, ఇంట్లో ఎవరికీ చెప్పలేదని. అప్పుడు మా వారూ నేనూ చెరో గదిలో మీటింగుల్లో ఉన్నాం.

ఇది ఒక్క మా ఇంటి సంగతి కాదు. 65 దాటినవాళ్ళలో ప్రతి నలుగురిలో ఒకరికి పైగా ఏటా పడుతుంటారని, వాళ్ళలో సగంమంది కూడా ఆ మాట డాక్టరుకి చెప్పరని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. మన పెద్దవాళ్ళు ఇంకాస్త గుంభనం. చెబితే కొడుకు ఆఫీసుకి సెలవు పెట్టాలి. చెబితే కోడలు పొయ్యి దగ్గరికి రానివ్వదు. చెబితే ఇండియా పంపేద్దామా అన్న చర్చ మళ్ళీ లేస్తుంది. నర్సుకి చెబితే ఈ భయాలేవీ లేవు. ఆవిడ కంగారుపడదు, "నేను చెబుతూనే ఉన్నానా" అని విసుక్కోదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఎదురుగా కూర్చుని, జవాబు వచ్చేదాకా ఆగుతుంది. ఆ తర్వాత డాక్టరుకి తెలియజేసి, బాత్రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీ బిగించమని మనకి చెబుతుంది.

ఆవిడ పనిచేసే తీరు గమనించండి. ముందు ఇంట్లో ఉన్న మందులన్నీ బల్ల మీద పెట్టమంటుంది. సూట్‌కేసులో వచ్చిన స్ట్రిప్పులు, హోమియో గుళికలు, చూర్ణాలు, అన్నీ. ఇండియా గ్లైకోమెట్, ఇక్కడి మెట్‌ఫార్మిన్ ఒకటే మందని తెలియకపోతే రెండూ మింగే ప్రమాదం ఉంది. షుగరున్నవాళ్ళ మేజోళ్ళు విప్పించి, అరికాళ్ళు, వేళ్ళ సందులు చూస్తుంది. తిమ్మిరెక్కిన కాలికి పుండు పడినా నొప్పి తెలియదు గనక. తనంతట తాను బట్టలు కట్టుకోగలరా, మంచం మీంచి కుర్చీలోకి మారగలరా, రాత్రి బాత్రూమ్‌కి లేస్తే దారిలో ఏం అడ్డముంది అని అడుగుతుంది.

మన పిల్లలు స్టేజి మీద పెద్దలకి పాదాభివందనం చేస్తుంటే ఫోన్లెత్తి వీడియో తీసుకుంటాం. ఆ పాదాలకి స్పర్శ తగ్గిందని మనలో ఎంతమందికి తెలుసు?

ఇంటికొచ్చి చూసే నర్సులకి ఈ దేశంలో పెద్ద చరిత్రే ఉంది. 1893లో మన్‌హట్టన్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో లిలియన్ వాల్డ్ అనే యువ నర్సు వలస కుటుంబాల ఆడవాళ్ళకి ఇంట్లో రోగుల్ని చూసుకోవడం నేర్పుతుండగా, ఒక చిన్నపిల్ల వచ్చి, కాన్పయి మంచం పట్టిన తన తల్లి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ ఇంటి దుస్థితి చూశాక వాల్డ్ అక్కడి పేదల మధ్యనే కాపురం పెట్టి, ఇంటింటికీ వెళ్ళే నర్సుల సేవకి ప్రాణం పోసింది. హెన్రీ స్ట్రీట్ సెటిల్‌మెంట్ అలా పుట్టింది. తల్లికి ఏమైందో ఆ పిల్లకి తెలుసు, అందుకే వెళ్ళి పిలవగలిగింది. మన పిల్లలకి ఇంట్లో ఎవరికి ఏమైందో తెలుస్తోందా అన్నదే నా బెంగ.

రెండు వైపులా న్యాయంగా చెప్పే ప్రయత్నం చేస్తాను.

నర్సు కావాలి, తప్పకుండా కావాలి. "పరాయి మనిషి మనింట్లోకెందుకు, మేం లేమా" అనే కుటుంబాలు మనలో ఇంకా ఉన్నాయి. డాక్టరు రాసిచ్చినా వద్దంటారు. ఇల్లు కదలడం కష్టమైన స్థితిలో, డాక్టరు ఆదేశం ఉంటే, పెద్దవాళ్ళ ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన ఒరిజినల్ మెడికేర్ ఈ విజిట్లకి మన జేబులోంచి ఏమీ అడగదు. గ్రీన్ కార్డు మీద వచ్చి ఐదేళ్ళు నిండని తల్లిదండ్రులకి సాధారణంగా ఆ దారి లేదు. ఉన్నవాళ్ళు కూడా పరువు కోసం వద్దనుకుంటే నష్టపోయేది పెద్దవాళ్ళే. కుట్లు చీముపట్టాయో లేదో ప్రేమ ఒక్కటే చెప్పలేదు, దానికి చదువు కావాలి. పిల్లల్ని దుబాసీలుగా కూర్చోబెట్టడం కూడా సరికాదు. అఫర్డబుల్ కేర్ యాక్ట్‌లోని సెక్షన్ 1557 ప్రకారం, ఫెడరల్ నిధులు తీసుకునే వైద్యసంస్థలు అత్యవసరంలో తప్ప మైనర్ పిల్లల చేత అనువాదం చేయించకూడదు. ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి, దానికి డబ్బు కట్టక్కర్లేదు.

ఇక రెండో వైపు. ఈ బంధానికి హద్దులున్నాయి, ఉండాలి కూడా. మా అత్తయ్యగారు బొట్టు పెట్టి జాకెట్టు ముక్క ఇవ్వబోతే, నర్సు బొట్టు పెట్టించుకుంది గాని, జాకెట్టు ముక్క మాత్రం వద్దని చేతులు జోడించింది. అత్తయ్యగారు చిన్నబుచ్చుకున్నారు. కానీ కానుకలు తీసుకోకూడదన్న ఆ నియమం ఒంటరి పెద్దవాళ్ళ ఆస్తినీ నమ్మకాన్నీ కాపాడే గోడ. "మీ అమ్మ దగ్గర ఎవరున్నారమ్మా?" అని అత్తయ్యగారు అడిగితే, ఫిలిప్పీన్స్‌లో చెల్లెలు చూసుకుంటోందని చెప్పింది. అప్పట్నుంచి ప్రతిసారీ ఆ తల్లి కులాసా కనుక్కోనిదే అత్తయ్యగారు బీపీ చూపించుకోవడం లేదు. వాళ్ళిద్దరి మధ్య ఉన్నది నిజమైన ఆప్యాయతే, అందులో నాకు సందేహం లేదు. అయినా గాయం మానితే విజిట్లు ఆగిపోతాయి. మెడికేర్ ఈ నర్సుని పంపేది వైద్య అవసరం ఉన్నంతవరకే, తోడుగా ఉండడానికి కాదు. ఆవిడ వెళ్ళిపోయాక ఆ గదిలో మిగిలేది మనమే.

నా మొగ్గు ఎటో ఇక దాచను. నర్సు రావాలి, కానీ ఆవిడ వచ్చినప్పుడు పిల్లల్ని పైగదికి పంపకూడదు. నాన్నమ్మ ఒప్పుకుంటే వాళ్ళు అక్కడే కూర్చోవాలి. బట్టలు మార్చేటప్పుడు, నాన్నమ్మ వద్దన్నప్పుడు లేచి బయటికి రావడం కూడా వాళ్ళు నేర్చుకోవాలి. మనం కుమాన్‌కి, స్పెల్లింగ్ బీకి, రోబోటిక్స్‌కి వారాంతమంతా కారు తోలుతున్నాం. ఒక క్లాసు మానిపించండి. ఆ గంట నాన్నమ్మ దగ్గర కూర్చోనివ్వండి. వాకర్ ఎలా పట్టుకుంటారో, మాత్రల డబ్బాలో ఏ అర ఏ పూటకో వాళ్ళకి తెలియాలి. మా వాడు తెలుగులో జవాబివ్వడు గాని వింటాడు. ఆ రోజు నాన్నమ్మ నిజం వాడికి అందింది ఆ వినికిడి వల్లే. పద్యం పోటీలో కప్పు కన్నా నాకు అదే ఎక్కువ.

పిల్లలు ఇంకొకటి కూడా చూస్తున్నారు. సాయానికి వచ్చిన మనిషికి మనం కాఫీ ఏ గ్లాసులో ఇస్తున్నాం? పేరు పెట్టి పిలుస్తున్నామా? హైదరాబాద్‌లోనో, గుంటూరులోనో అమ్మానాన్నల దగ్గర ఏజెన్సీ పెట్టిన అమ్మాయి పగలూ రాత్రీ ఉంటుంది. వీడియో కాల్‌లో "బీపీ ఎంత, మోషన్ అయిందా" అని ఆరాతీసి పెట్టేస్తాం. ఆ అమ్మాయి తిన్నదా, వారానికో రోజైనా సెలవుందా అని అడిగిన ఇళ్ళెన్ని? మన తల్లి ఒంటికి సబ్బు రాసే చేతికి వేరే గ్లాసు పెట్టే ఇంట్లో, పిల్లలు బాలవిహార్‌లో ఎన్ని శ్లోకాలు నేర్చినా అది సంస్కారం కాదు.

మన సంఘానికి కూడా ఒక మనవి. 1970లలో శాన్ ఫ్రాన్సిస్కో చైనాటౌన్ వాసులు తమ పెద్దల్ని నర్సింగ్ హోములకి పంపడం ఇష్టంలేక ఆన్ లోక్ అనే సంస్థ పెట్టుకున్నారు. పగటిపూట కేంద్రం, డాక్టర్లు, నర్సులు, తమ భాష, తమ తిండి అన్నీ ఒకచోట చేర్చారు. ఆ నమూనా మీదే పేస్ అనే ప్రభుత్వ పథకం దేశంలో చాలాచోట్ల నడుస్తోంది. మనకి అంత శక్తి ఇప్పుడే లేకపోవచ్చు. కానీ సినిమా గాయకుల రాత్రికి పెట్టే ఖర్చులో కొంత తీసి, మన ఊళ్ళలో ఉన్న తెలుగు నర్సుల చేత హైస్కూలు పిల్లలకి శిక్షణ ఇప్పించగలం. పెద్దవాళ్ళు పడితే ఎలా లేపాలి, ఎప్పుడు లేపకుండా 911 పిలవాలి, ఎలా అడిగితే నిజం చెబుతారు, ఇవన్నీ నేర్పించవచ్చు. నేర్చుకున్న పిల్లలు వారానికొకసారి ఒక పెద్దాయన దగ్గరికో, పెద్దావిడ దగ్గరికో వెళ్ళి కూర్చోవచ్చు. కార్యవర్గం సరేనంటే పేర్లు రాసుకునే పని నేను చేస్తాను.

ఈలోగా మన ఇళ్ళలో చెయ్యగలిగింది ఒకటుంది. "బాగున్నారా" అంటే మన పెద్దవాళ్ళు బాగున్నామనే అంటారు. రాత్రి ఎన్నిసార్లు లేచారు, ఎక్కడ నొప్పిగా ఉంది, ఎప్పుడైనా పడ్డారా అని విడివిడిగా అడగండి. పిల్లల ముందే అడగండి. జవాబు విని కోప్పడకండి. కోప్పడని ఇంట్లోనే పెద్దవాళ్ళు నిజం చెబుతారు, అలాంటి ఇంట్లో పెరిగిన పిల్లలే రేపు మనల్ని కూడా అడుగుతారు.