బలి కథ – బాలుని ప్రశ్న

జనగామ జిల్లా పాలకుర్తి మండలములోని బమ్మెర గ్రామమును ఆ ప్రాంతమువారు పోతనామాత్యుని యూరుగా భక్తితో తలతురు. 15వ శతాబ్దికి చెందిన ఆ మహాకవి వ్యాసభాగవతమును తెలుగు చేసెను. పెద్దలవలన విన్న కథను తన పలుకుబడిలో మరల చెప్పుటయే ఆయన తపస్సు. 2016లో జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి వేర్వేరు జిల్లాలైనను, ఆ సీమలలో పోతన పద్యమునకు మాత్రము ఎల్లలు లేవు.

అట్టి యింట అవ్వ మనుమనికి వామనచరిత్ర చెప్పుచున్నదనుకొందము. “అవ్వా! స్వామి పొట్టివాడై వచ్చి మూడడుగులు అడిగి, పెద్దవాడై కొలిచినాడు. అది మోసము కాదా? ఇచ్చినవానిని కట్టివేయుట న్యాయమా?” అని బాలుడడుగును. “తప్పు, అట్లనరాదు” అని నోరు మూయించుట సులభము. కాని నోరు మూసిన బిడ్డ మనస్సున ఆ సందేహము మూతబడదు. నేడు కాకున్న రేపు అతడు కథనే విడిచిపెట్టును. లేదా ఎవరేమి చెప్పినను తలయూపుటకు అలవాటుపడును. రెండును హానియే.

ఆ ప్రశ్న అపచారము కాదు. అష్టమస్కంధములో పరీక్షిన్మహారాజు శుకమహర్షిని అడిగినది అదియే: సర్వేశ్వరుడు దీనునివలె ఏల యాచించెను? ఏ తప్పును చేయని బలిని ఏల బంధించెను? ఏడు దినముల ఆయువు మాత్రమే మిగిలిన రాజు వృథాప్రశ్న వేయునా? శుకుడు కోపింపలేదు, కథ మొదలుపెట్టెను.

కావున కథను నడుమ ఆపి, బిడ్డను ఆలోచింపజేయవలెను. “ఈ వటువు విష్ణువే, మాట తప్పుము” అని శుక్రాచార్యుడు బలిని హెచ్చరించెను. ఆయన తెలిపిన వార్త సత్యము. చెప్పిన హితవు ధర్మమా? వార్త నిజమైనంతమాత్రమున దానివెంట వచ్చిన సలహా మంచిది కానక్కరలేదు. ఎవరు చెప్పుచున్నారు, ఏల చెప్పుచున్నారు, దానివలన ఎవరికేమి మేలు అని తూచుట బలి కథయే నేర్పును. అరచేతి ఫోనులో క్షణమునకొక వార్త వచ్చు ఈ దినములలో బిడ్డలకు ఇంతకన్న కావలసిన విద్య యేది?

పిదప కథను బిడ్డచేతనే చెప్పింపవలెను. బలి భార్య వింధ్యావళియై ఒకమారు, తాత ప్రహ్లాదుడై ఒకమారు, శుక్రుడై ఒకమారు చెప్పనిండు. ఒకే సంఘటన ఎవరి కన్నులకెట్లు తోచినదో బోధపడును. తుదకు స్వామి మాట వినిపింపుడు: అనుగ్రహింపదలచినవాని సంపదను హరింతునని ఆయన పలికెను, బలికి సుతలమిచ్చి, తానే వాకిట కావలి నిలిచెను. తానే వెదకి చేరిన సమాధానము బిడ్డ మనస్సున నిలిచిపోవును.

ప్రశ్న పరిహాసమునకు గాక తెలిసికొనుటకైనప్పుడు అదియు శ్రవణభక్తిలో భాగమే. అడిగిన పరీక్షిత్తు తరించెను. అడుగనిచ్చిన శుకుడు జగద్వంద్యుడయ్యెను. ఈ రాత్రి కథ చెప్పు ప్రతి తల్లియు బిడ్డ “ఎందుకు?” అన్నప్పుడు ఒక క్షణమాగి వినుగాక!