బటన్ ఫోను, ఊరి కట్టుబాటు

స్మార్ట్‌ఫోను పక్కన పడేసి బటన్ ఫోనుకు మారిపోదామా అన్న ఆలోచన ఇప్పుడు మన పిల్లలకూ వస్తోంది. రాత్రి పన్నెండు దాటినా నిద్ర పట్టదు. పుస్తకం పడితే పది నిమిషాలు నిలవదు. పక్కన కూర్చున్న మనిషి మాట చెవికెక్కదు. కారణం ఏమిటో వాళ్లకు తెలుసు. అయినా మారలేకపోతున్నారు. దీన్ని బలహీనత అని తిట్టి ఊరుకోవచ్చా, లేక అందులో ఏదైనా న్యాయం ఉందా?

ఈ ప్రశ్న బరువు తెలియాలంటే హైదరాబాదులోని కృష్ణానగర్ వైపు చూడాలి. సినిమాల మీద ఆశతో ఊళ్లు వదిలి వచ్చిన పిల్లలు, మన ఏజెన్సీ పిల్లలు కూడా, అక్కడి ఇరుకు గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉంటారు. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లలో ఆఫీసులు, స్టూడియోలు ఉంటే, వాటికి పనిచేసే చేతులు కృష్ణానగర్‌లో ఉంటాయి. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ మొదలయ్యాక, తెలుగు సినిమా మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన కొద్దీ జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్లు, ప్రొడక్షన్ కుర్రాళ్లు ఆ చుట్టుపక్కల చేరారు. తెల్లవారకముందే రోడ్డు మీద నిలబడితే ఏజెంటు వచ్చి మనుషుల్ని ఎంచుకుని బండి ఎక్కించేవాడు. ఆ అడ్డాలో అవమానం ఉండేది, తోపులాట ఉండేది. కానీ దానికో గుణం కూడా ఉండేది. బండ్లు కదిలాక అడ్డా ముగిసిపోయేది. పని దొరకనివాడు టీ తాగి గదికి పోయి పడుకునేవాడు, లేదంటే ఇంకో పని వెతుక్కునేవాడు.

ఇప్పుడు ఆ కబురు ఎక్కువగా వాట్సాప్ గ్రూపుల్లో వస్తోంది. "రేపు పొద్దున ఐదింటికి, ఇరవై మంది, పల్లెటూరి గెటప్" అని మెసేజ్ పడుతుంది. ముందు బదులిచ్చినవాడికి పని. ఫోటోలు పంపాలి, ఆడిషన్ వీడియో తీసి పంపాలి, లొకేషన్ చూసుకుని చేరాలి. మెసేజ్ ఏ వేళ వస్తుందో తెలియదు. అంటే అడ్డా జేబులోకి వచ్చింది, ఇక అది మూతపడదు. ఎదురుచూడటమే రోజంతా చేసే పనైంది, ఆ పనికి కూలి లేదు. ఊరికే ఎదురుచూడలేక రీల్స్ చూస్తాడు. పని కోసం ఫోను పట్టుకున్నవాడు మెల్లగా ఫోనుకే పనివాడవుతాడు.

ఆ గదిలో ఒక కుర్రాడు తెగించి బటన్ ఫోనుకు మారాడనుకుందాం. మెసేజ్ వస్తే గదిలో ఉన్న తమ్ముడు చూడాలి. "అన్నా, నీ పేరు కూడా పెట్టనా?" అని వాడే అడగాలి. ఫోటో వాడి ఫోనులోంచే పోవాలి. ఒకడికి ప్రశాంతత దొరికింది, ఇంకొకడికి ఇద్దరి ఎదురుచూపు మిగిలింది. మన బరువు పక్కవాడి నెత్తిన పెట్టి, విడిచిపెట్టానని అనుకోవడం సరికాదు. పెద్ద నిర్మాత బటన్ ఫోను వాడితే నిరాడంబరుడంటారు. మెసేజ్‌లు చూడటానికి ఆయనకు మేనేజరు ఉంటాడు. జూనియర్ ఆర్టిస్టు వాడితే పస్తు. ఒకరికి పేరు తెచ్చేది ఇంకొకరికి ఆకలి తెస్తున్నప్పుడు, దాన్ని అందరికీ నీతిగా చెప్పడం న్యాయం కాదు.

మన ఊళ్లలోనూ ఇదే ముడి. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల్లో హాజరు ఎన్ఎంఎంఎస్ యాప్‌లో, రోజుకు రెండు ఫోటోలతో వేయాలన్నారు. మేటు చేతిలో స్మార్ట్‌ఫోను లేకపోతే కూలీలందరి హాజరుకూ చిక్కే. ప్రభుత్వ టీచర్ల హాజరుకు ముఖం గుర్తించే యాప్ ఆంధ్రప్రదేశ్‌లో 2022లో, తెలంగాణలో 2025లో వచ్చింది. ఏ ఫోను కొనాలన్నది మన ఇష్టమే అంటారు గానీ, ఆ ఇష్టాన్ని సగం ఇంకెవరో ముందే నిర్ణయించేశారు.

స్మార్ట్‌ఫోను మనకిచ్చిన మేలునూ తక్కువ చేయకూడదు. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో రాతప్రతుల్లో బతికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఆ అక్షరాలు తెర మీద కనబడాలంటే పెద్ద ఫోను కావాలి. అలాగని చిన్న ఫోను చేతకానిదీ కాదు. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వర మామూలు ఫోన్ల మీదే నడిచింది. మనిషి ఒక నంబరుకు ఫోన్ చేసి తన ఊరి బోరు పనిచేయడం లేదనో, కూలి డబ్బులు రాలేదనో గోండిలో చెప్పి రికార్డు చేస్తే, మిగతావాళ్లు ఫోనులోనే వినేవారు. 2022లో రిజర్వ్ బ్యాంక్ తెచ్చిన యూపీఐ 123పేతో బటన్ ఫోను నుంచి డబ్బులు కూడా పంపవచ్చు. దారి వేయాలనుకుంటే చిన్న ఫోనుకూ వేయవచ్చని ఇవి చెబుతున్నాయి.

"ఫోనుది తప్పు కాదు, మనసు గట్టిగా ఉండాలి" అని పెద్దలు అంటారు. ఆ మాటలో నిజం కొంతే ఉంది. వేలితో జరిపిన కొద్దీ అంతులేకుండా వచ్చే పేజీని 2006లో రూపొందించిన ఆజా రాస్కిన్, తర్వాతి కాలంలో దాని గురించి తానే విచారపడ్డాడు. మనుషుల్ని పట్టి ఉంచడమే వ్యాపారంగా పెట్టుకున్న కంపెనీల ముందు, అలసిపోయి గదికి చేరిన ఇరవై ఏళ్ల కుర్రాణ్ణి నిలబెట్టి, నీ మనసుతో గెలువు అనడం సమానమైన పోటీ కాదు.

నిగ్రహం గురించి మన పెద్దలకు వేరే తెలివి ఉంది. కోయ, కొండరెడ్డి ఊళ్లలో కొత్తల పండుగ చేయనిదే కొత్త పంట నోట పెట్టరు. మామిడికి ఒక కొత్త, చిక్కుడుకు ఒక కొత్త. కాయ చెట్టుకు వేలాడుతూ కనిపిస్తుంటుంది, నోరూరుతుంటుంది. అయినా పెద్దలు కూర్చుని రోజు పెట్టేదాకా ఎవరూ ముట్టరు. నేను ఆగితే పక్కింటివాడు కోసుకుపోతాడన్న భయం అక్కడ ఉండదు, ఎందుకంటే అందరూ ఆగుతారు. ఒక్కడే ఆగితే అది నష్టం. ఊరంతా ఆగితే అది కట్టుబాటు. పైగా ఆ ఆగడం ఎప్పటికీ కాదు, పండుగ దాకానే.

ఫోను విషయంలో కూడా ఇలా చేసిన ఊళ్లున్నాయి. మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలోని మోహిత్యాంచె వడ్‌గావ్‌లో 2022 నుంచి సాయంత్రం ఏడింటికి సైరన్ మోగితే గంటన్నర పాటు ఫోన్లు, టీవీలు ఆపి పిల్లల్ని చదువుకు కూర్చోబెట్టాలని కట్టుబాటు పెట్టుకున్నారు. ఐర్లండ్‌లోని గ్రేస్టోన్స్ పట్టణంలో 2023లో ప్రాథమిక పాఠశాలల తల్లిదండ్రులు, హైస్కూలుకు వెళ్లేదాకా పిల్లలకు స్మార్ట్‌ఫోను కొనివ్వకూడదని కలిసి ఒప్పుకున్నారు. అందరి పిల్లలకూ లేనప్పుడు, నాకు లేదన్న ఏడుపు ఉండదు.

కాబట్టి బటన్ ఫోను కొనాలనుకునేవాళ్లు ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. నేను వదిలిన పని ఎవరి మీద పడుతుంది? నాతోపాటు ఇంకెవరు ఆగుతారు? ఎవరి మీదా పడకపోతే నిశ్చింతగా మారవచ్చు. పడేటట్లయితే ముందు వాళ్లతో మాట్లాడాలి. కృష్ణానగర్ గదిలోనైతే రాత్రి పది తర్వాత వంతులవారీగా ఒక్క ఫోనే మేలుకుని ఉండాలని, మిగతావి ఆపేయాలని అనుకోవచ్చు. పని ఖాయమైతే మెసేజ్‌తో సరిపెట్టకుండా ఒక కాల్ చేయమని, ఫలానా గంట తర్వాత పేర్లు తీసుకోవద్దని కోఆర్డినేటర్లను అడగవచ్చు. ఒక్కడు అడిగితే వాడి పేరు కొట్టేస్తారు, నలభైమంది అడిగితే వింటారు.

టీచర్లం మనం కూడా ఒకటి గమనించాలి. హోంవర్కు వాట్సాప్‌లోనే పెడితే, బటన్ ఫోను ఉన్న ఇంటికి ఆ పూట బడి మూసినట్టే. నోటుబుక్కులో రాయించడం, అవసరమైతే ఫోన్ చేసి చెప్పడం మన చేతిలో ఉన్న పని. హాజరైనా పథకమైనా యాప్ లేనివాడికి కాగితం మీద ఇంకో దారి ఉంచమని గ్రామసభలో అడగడం మన హక్కు.

కొత్త మామిడి ఎప్పుడు తినాలో ఊరు కూర్చుని తేల్చుకుంటుంది. ఫోను ఎప్పుడు పట్టాలో, ఎప్పుడు దించాలో తేల్చుకోవడానికి మనం ఇంకా కూర్చోలేదు. ఏ ఫోను కొనాలన్న ప్రశ్న ఆ కూర్చోవడం తర్వాత వచ్చేది.