ఆగిన అడుగు మళ్లీ పడాలి



షుగర్ పెరిగింది, రోజూ నడవాలి అని డాక్టరు చెబుతారు. మర్నాడు ఫజ్ర్ నమాజు కాగానే మసీదు నుంచి నేరుగా నడకకు బయలుదేరతాం. పది రోజులు ఉత్సాహంగా సాగుతుంది. ఇంతలో జ్వరమో, ప్రయాణమో, ఇంట్లో పెళ్లో వస్తుంది. నాలుగు రోజులు నడక ఆగిపోతుంది. అయిదో రోజు మనసు, ‘ఎలాగూ తప్పింది కదా, ఇక మన వల్ల కాదు’ అంటుంది. మనం ఆ మాట వింటాం. నిజానికి మనల్ని ఓడించింది ఆ నాలుగు రోజులు కావు, అయిదో రోజు విన్న ఆ మాటే.

ఈ శరీరం మన సొత్తు కాదు. అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) పగళ్లు ఉపవాసాలతో, రాత్రులు నమాజులతో గడుపుతుంటే దైవప్రవక్త (స) వారించారు. శరీరానికి కూడా ఆయనపై హక్కు ఉందని బోధించి, తేలికైన పద్ధతి సూచించారు. ఆయన తనకు ఇంకా శక్తి ఉందంటూ ఎక్కువే కోరుకున్నారు. వృద్ధాప్యంలో అది భారమైనప్పుడు, ఆనాటి సడలింపును స్వీకరించి ఉంటే ఎంత బాగుండేదని వాపోయారు. ఈ ఉదంతం బుఖారీలో ఉంది. మొదటిరోజే అయిదు కిలోమీటర్లు నడిచి, వారానికే కాళ్లనొప్పులతో మంచమెక్కే మనకు ఇందులో గొప్ప గుణపాఠం ఉంది. కొద్దిదైనా నిలకడగా చేసే ఆచరణే అల్లాహ్‌కు ఎక్కువ ప్రీతికరమని కూడా మనకు తెలుసు.

మరి తప్పిపోతే ఏం చేయాలి? నొప్పి వల్లనో, మరో కారణం వల్లనో రాత్రి నమాజు తప్పిపోతే ప్రవక్త (స) పగటివేళ 12 రకాతులు చేసేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఇది ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. అది ఆరాధనకు సంబంధించిన విషయమే. అయినా అందులోని క్రమశిక్షణ మన జీవితమంతటికీ వెలుగు చూపుతుంది. ఆయన తప్పినదాన్ని తలచుకుంటూ కూర్చోలేదు, మరుసటి రాత్రి కోసం ఎదురుచూడనూ లేదు. కనుక ఉదయం నడక తప్పితే అస్ర్ తర్వాత నడుద్దాం. బయటికి వెళ్లడం కుదరని సోదరీమణులు మేడ మీదనైనా నడవవచ్చు. జ్వరం నుంచి లేచినవారు పాత దూరం కోసం పట్టుబట్టకుండా సగంతో మొదలుపెట్టాలి. రమజాన్‌లో ఇఫ్తార్ పళ్లెంలో నూనె వంటలు తగ్గించుకుని, తరావీహ్ తర్వాత ఇంటికి నడిచి వెళ్లవచ్చు. షుగర్, గుండెజబ్బు ఉన్నవారు ముందు డాక్టరును సంప్రదించాలి.

పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అంటే రోజుకు 30 నిమిషాల చొప్పున అయిదు రోజులు. అంత కుదరనివారికి అసలు చేయకపోవడం కన్నా కొంతైనా చేయడమే మేలని కూడా చెప్పింది.

పాపం చేసినవాడికే తౌబా ద్వారం మూసుకుపోనప్పుడు, నాలుగు రోజుల నడక తప్పినవాడు నిరాశ చెందడం ఎందుకు? రేపు ఫజ్ర్ తర్వాత పది నిమిషాలు నడుద్దాం. ఆరోగ్యంగా ఉండి అల్లాహ్‌ను ఆరాధించాలి, ఆలుబిడ్డల బాధ్యత నెరవేర్చాలి అన్న సంకల్పంతో నడిస్తే ఆ నడకకూ పుణ్యం లభిస్తుందని ఆశిద్దాం.

అల్లాహ్ మనందరికీ ఆరోగ్యాన్నీ, మంచి అలవాట్లలో నిలకడనూ ప్రసాదించుగాక! ఆమీన్.