చైన్ సాగదు

"చైన్ సాగిపోయింది" అని మెకానిక్ అనగానే మనం తలూపుతాం. పాత బనీను మెడలాగా, రబ్బరు బ్యాండులాగా, వాడగా వాడగా ఇనుము కూడా సాగుతుందేమో అనుకుంటాం. నిజానికి చైన్ సాగదు. మన రోడ్ల మీద తిరిగే 125, 150 సీసీ బళ్లలో చాలావాటికి 428 సైజు చైన్ ఉంటుంది. అందులో ఒక పిన్నుకీ పక్క పిన్నుకీ మధ్య దూరం 12.7 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా అరంగుళం. పిన్ను చుట్టూ ఒక బుష్, బుష్ మీద ఒక రోలర్. మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ 1880లో పేటెంట్ తీసుకున్న అమరిక ఇది. ఇవాళ్టికీ మూలసూత్రం అదే. బండి నడుస్తున్నంతసేపూ ప్రతి పిన్నూ తన బుష్‌లో కొంచెం కొంచెం కదులుతూనే ఉంటుంది. కదిలిన చోట అరుగుతుంది. ఒక్కో కీలు దగ్గర అరిగింది మిల్లీమీటరులో పదో వంతే అనుకోండి. చైన్ మొత్తంలో అలాంటి కీళ్లు నూట పది దాకా ఉంటాయి. అన్నీ కలిస్తే 11 మిల్లీమీటర్లు, దాదాపు ఒక లింకు పొడవు. ఇందులో ఏ ముక్కా పొడుగు కాలేదు. నూట పది చోట్ల కంటికి కనపడనంత ఖాళీ పుట్టింది, అంతే.

ఈ లెక్క అర్థమయ్యాక నాకు సర్దుకుపోవడం గురించి ఆలోచన మొదలైంది. వదులైన చైన్‌కి మన దగ్గరున్న మొదటి మందు అడ్జస్ట్‌మెంట్. మన ఇళ్లల్లో, ఆఫీసుల్లో వదులైన ప్రతిదానికీ మొదటి మందు కూడా అదే. బస్సులో ముగ్గురు కూర్చున్న సీటు దగ్గరికి నాలుగో మనిషి వచ్చి "కొంచెం సర్దుకోండి" అంటే జరుగుతాం. ఆ జరగడంలో ఒక మంచితనం ఉంది, దాన్ని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. నన్ను తొలిచే ప్రశ్న వేరు. సర్దుబాటు ఎక్కడిదాకా సంరక్షణ? ఎక్కణ్ణుంచి అది అరుగుదలని కప్పిపెట్టడం అవుతుంది?

మా వీధి చివర షెడ్డులో పనిచేసే మెకానిక్‌ని ఒకసారి అడిగాను: "అన్నా, చైన్ చప్పుడొస్తోంది, మార్చాలా?" ఆయన బండి వంక సరిగా చూడను కూడా చూడలేదు. "ఉండు తమ్మీ, ముందుగాల కడుగుదాం. ఇంత మట్టిల ఏం తెలుస్తది?" అన్నాడు. ఆ మాటలో ఒక పద్ధతి ఉంది. చైన్‌కి వచ్చే జబ్బులు ముఖ్యంగా మూడు: ఎండిపోవడం, వదులవడం, అరిగిపోవడం. బండి మీద కూర్చున్నవాడికి మూడూ ఇంచుమించు ఒకే చప్పుడు. మందులు మాత్రం మూడు వేరు.

ఎండిపోయినదానికి కావాల్సింది శ్రద్ధ. ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, సెంటర్ స్టాండ్ వేసి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పుతూ కిరోసిన్‌తో, మెత్తటి బ్రష్‌తో తుడవాలి. ఇంజన్ నడుస్తుండగా చైన్ తుడిచి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఆరాక 90 నంబర్ ఆయిలో, చైన్ స్ప్రేనో లోపలి వైపు నుంచి పట్టించాలి, తిరిగేటప్పుడు అదే బయటికి పాకుతుంది. మిగిలింది తుడిచేయాలి, లేకపోతే దుమ్ము పట్టి గంధం తీసినట్టు చైన్‌ని అరగదీస్తుంది. ఐదువందల కిలోమీటర్లకోసారి, వానాకాలంలో ఇంకా ముందే చేయాలి. అరగంట పని. చేశాక బండి కొత్తదైపోదు, ఫొటో తీసి పెట్టుకునేంత మార్పూ ఉండదు. ఇల్లు ఊడవడం, గిన్నెలు తోమడం లాంటి పని ఇది. చేసినప్పుడు ఎవరికీ కనపడదు, మానేస్తే అందరికీ కనపడుతుంది. ఎండిన చైన్‌ని అరిగిందనుకుని పారేసేవాళ్లు మనలో చాలామందే. రెండు నెలలు పలకరించకుండా ఉండి, "మా ఫ్రెండ్‌షిప్‌లో ఇంకేం మిగల్లేదు" అని తేల్చేసేవాళ్లూ ఉన్నారు. ఏదైనా అయిపోయిందని చెప్పే హక్కు, ముందు దాన్ని శుభ్రంగా తుడిచి చూసినవాడికి ఉంటుంది.

రెండోది వదులు. ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి, చైన్ అసలు పూర్తి బిగుతుగా ఉండకూడదు. కింది వరస మధ్యలో వేలుతో ఎత్తితే, బండిని బట్టి 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి. మనిషి ఎక్కినా, గుంతలో పడినా వెనక చక్రం పైకీ కిందికీ కదులుతుంది. ఆ కదలికలో ముందు పళ్లచక్రానికీ వెనకదానికీ మధ్య దూరం మారుతుంది. ఆ మార్పుని మింగడానికే ఆ ఖాళీ. మరీ బిగిస్తే చైన్‌తో పాటు బేరింగులు కూడా పోతాయి. అంటే ప్రతి వదులూ లోపం కాదు. బరువు మోసే ఏ బంధంలోనైనా గుంతల కోసం కొంత ఖాళీ ఉంచుకోవాలి.

మరి ఆ ఖాళీని ఎక్కడ కొలవాలి? వాడిన చైన్ అన్ని చోట్లా ఒకేలా అరగదు. చక్రం తిప్పుతూ చూస్తే ఒకచోట వదులుగా, ఒకచోట బిగుతుగా ఉంటుంది. తెలిసిన మెకానిక్ అన్నిటికంటే బిగుతుగా ఉన్న చోటు వెతికి, అక్కడ కొలుస్తాడు. వదులున్న చోట కొలిచి సరిచేస్తే, బిగుతు చోటు వచ్చినప్పుడు తెగేంత లాగుతుంది. 1971లో వచ్చిన 'ఎ థియరీ ఆఫ్ జస్టిస్'లో జాన్ రాల్స్, అసమానతలు ఉండాల్సి వస్తే అవి అందరికంటే కింద ఉన్నవాళ్లకి ఎక్కువ మేలు చేసేవై ఉండాలని వాదించాడు. ఆ వాదం నాకు పుస్తకంలో కంటే ఈ చక్రం తిప్పే చోట బాగా అర్థమైంది. కొలత తీసుకోవాల్సింది ఎక్కువ బిగుసుకున్నవాళ్ల దగ్గర.

పోయినేడాది మా అక్క అత్తగారింటి నుంచి వచ్చి కొన్నాళ్లు మా దగ్గర ఉంది. పెళ్లయిన ఆరేళ్లలో తను ఆఫీసు మారింది, తర్వాత పని గంటలు తగ్గించుకుంది, తర్వాత నిద్ర తగ్గించుకుంది. పెద్దవాళ్లు కూర్చుని మాట్లాడారు. అందరూ మంచివాళ్లే, బావ కూడా. "అంతా బానే ఉంది కదమ్మా, ఎవరింట్లో లేవు ఇలాంటివి? కొంచెం నువ్వే సర్దుకోవాలి" అన్నారు. వాళ్లు కొలిచింది బావ కూర్చున్న కుర్చీ దగ్గర. అక్కడ నిజంగానే అంతా వదులుగా, హాయిగా ఉంది. అక్క గొంతు పెంచలేదు. "సర్దుకోనని నేనెప్పుడన్నాను? ఇంకా ఎటు జరగాలో చెప్పండి, జరుగుతాను" అంది. ఎవరూ చెప్పలేకపోయారు.

బండిలో ఆ ప్రశ్నకి జవాబు రాసే ఉంటుంది. చైన్ బిగించడమంటే వెనక చక్రాన్ని వెనక్కి జరపడం. ఎంత జరిపామో తెలియడానికి ఇరువైపులా గీతలుంటాయి. రెండు వైపులా సమానంగా జరపాలి, ఒకవైపే జరిపితే చక్రం వంకర తిరిగి పళ్లు ఒకపక్క అరుగుతాయి. ఆ గీతలు కొన్నే ఉంటాయి. ఆఖరి గీత దాటితే జరపడానికి చోటు లేదు. గీతలు మిగిలున్నా సరే, వెనక పళ్లచక్రం చివర చైన్‌ని పట్టుకుని వెనక్కి లాగి చూడండి. పన్ను సగం కంటే ఎక్కువ బయటపడితే దాని పని అయిపోయినట్టే. బిగింపు వదులుని తీస్తుంది కానీ, అరంగుళం దాటిపోయిన పిన్నుల మధ్య దూరాన్ని తిరిగి అరంగుళం చేయలేదు. పైకి బిగుతుగా కనపడే అరిగిన చైన్ వదులు చైన్ కంటే ప్రమాదం, ఎందుకంటే దాన్నెవరూ అనుమానించరు. నా ప్రశ్నకి నాకు దొరికిన హద్దు ఇదే. జరిగాక పని మళ్లీ సరిగా సాగితే అది సర్దుబాటు. జరిగాక చప్పుడు మాత్రమే ఆగితే, లోపల అరుగుదల నడుస్తూనే ఉంది.

ఇక మార్పు. కొందరు చైన్ ఒక్కటే మార్చి, పళ్లచక్రాలు పాతవే ఉంచుతారు. కానీ అరిగిన చైన్‌తో కలిసి తిరిగి తిరిగి ఆ పళ్లు కూడా కొక్కేల్లా వంగి ఉంటాయి. కొత్త చైన్ అరంగుళం లెక్కన వస్తుంది, పాత పళ్లు వేరే లెక్కకి అలవాటు పడ్డాయి. త్వరలోనే అవి కొత్తదాన్నీ తమలాగే చేస్తాయి. అందుకే చైన్ సెట్టు అంటారు: చైన్, ముందుది, వెనకది, మూడూ ఒకేసారి. ఒక మనిషి వెళ్లిపోయి ఇంకో మనిషి వచ్చినా అవే గొడవలు నడిచే టీములు, ఇళ్లు మనకి తెలిసినవే. అరుగుదల ఏ ఒక్కరి సొత్తూ కాదు, ఇద్దరూ కలిసి తిరిగినప్పుడు ఇద్దరిలోనూ పుట్టేది.

ఇంతా చెప్పి, ఒక మాట దాటేస్తే అన్యాయం. గీతలన్నీ అయిపోయాక లింకులు కత్తిరించి చైన్‌ని పొట్టి చేయించుకునేవాళ్లు ఉన్నారు. రోజూ వంద కిలోమీటర్లు తిరిగి ఫుడ్ డెలివరీ చేసే కుర్రాడు "అన్నా, ఇంకో నెల లాగితే చాలు" అంటే మెకానిక్ కత్తిరించి ఇస్తాడు. అది తప్పని ఆ ఇద్దరికీ తెలుసు. సెట్టు ఖరీదు ఆ కుర్రాడి జేబులోంచే పోవాలి, తిరిగిన దూరం లాభం మాత్రం ఇంకొకరి ఖాతాలోకి పోతుంది. మార్చుకోవాల్సిన సమయం వచ్చిందని తెలియడం ఒక సంగతి, మార్చుకోగలగడం ఇంకో సంగతి. సర్దుకుపోయేవాళ్లని పిరికివాళ్లనే ముందు, వాళ్ల అరుగుదల ఖర్చు ఎవరు భరిస్తున్నారో చూడాలి.

మనుషులు చైన్లు కారు కదా, అని మీరు అనొచ్చు. కారు. చైన్‌ని పారేయొచ్చు, మనిషిని పారేయలేం. పైగా చైన్ ఎక్కడ బిగుసుకుందో మనం వెతకాలి, మనిషైతే అడిగితే చెప్తుంది. అందుకే మనిషి విషయంలో మనకి సాకులు తక్కువ. అక్కావాళ్లు చివరికి విడిపోలేదు, పాత ఇంటికీ పోలేదు. తన ఆఫీసుకి దగ్గర్లో అద్దెకి దిగారు. బాబుని స్కూలుకి పంపడం బావ పని. మొదటి నెలలో మూడుసార్లు గట్టిగా పోట్లాడుకున్నారని విన్నాను. పెద్దవాళ్లకి అది చెడు సూచనలా అనిపించింది. కానీ కొత్త చైన్ వేసిన తర్వాత కొన్ని వందల కిలోమీటర్లకే బండి తీసుకురమ్మంటాడు మెకానిక్. కొత్త పిన్నులు కొత్త బుషుల్లో కుదురుకునేటప్పుడు కొంచెం వదులవుతుంది, అప్పుడొకసారి బిగించాలి. మొదటి గీత దగ్గర, రెండు వైపులా సమానంగా.