జూదపు బిళ్ల: అబద్ధం లేని మోసం

అబద్ధం చెప్పకుండా మనిషిని మోసగించవచ్చునా? నీతిశాస్త్రంలో యిది పాత ప్రశ్నే. దీనికి జవాబు వెదకడానికి అమెరికన్ జూదశాలల్లో డబ్బుకు బదులు వాడే బిళ్లను పరిశీలించడం మంచిదని నా వుద్దేశం.

ఆ బిళ్ల అడ్డుకొలత సుమారు 39 మిల్లీమీటర్లు, బరువు 10 గ్రాములకు లోపు. మట్టిబిళ్ల అని పేరేగాని అది కుమ్మరిమట్టి కాదు. ఖనిజాల పొడిని బంధక పదార్థంతో కలిపి, అంచున రంగుముక్కలు పొదిగి, వేడితోనూ వొత్తిడితోనూ అచ్చులో బిగిస్తారు. ముఖం కాస్త గరుకుగా వుంటుంది గనుక 20 బిళ్లలు దొంతిపెట్టినా జారవు. నాణేల్లాగా గలగలమనవు, మెత్తగా టక్కుమంటాయి. ఆటగాడి వేళ్లు వాటిని విడదీస్తూ, కలుపుతూ వూరికే వుండలేవు. చేతికి యింత హాయినిచ్చే వస్తువును తయారుచేసిన కార్మికుని నేర్పును నేను మెచ్చుకుంటాను. దోషం ఆ నేర్పుది కాదు.

5 డాలర్ల బిళ్ల సాధారణంగా ఎరుపు, 100 డాలర్లది నలుపు. రెంటికీ ఒకే కొలత, ఒకే బరువు. 2009లో అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం అమలులోకి వచ్చిన కనీస వేతనం గంటకు 7 డాలర్ల 25 సెంట్లు. ఆ లెక్కన ఎర్రబిళ్ల 41 నిమిషాల శ్రమ. నల్లబిళ్ల దాదాపు 14 గంటల శ్రమ. వేళ్లకు మాత్రం రెండూ ఒకటే.

డాలరు నోట్లు కూడా అన్నీ ఒకే కొలత కదా అని ఆక్షేపించవచ్చు. నిజమే, శ్రమను మరుగుపరచే మొదటి తెర డబ్బే. కాని నోటు యింటికి వెళుతుంది. అద్దెనూ రొట్టెనూ గుర్తుచేస్తుంది. బిళ్ల ఆ గోడల మధ్యనే చెల్లుతుంది. నెవాడా నిబంధనల ప్రకారం బిళ్ల జూదశాల ఆస్తే. ఆటగాడి చేతిలో వున్నది బాకీకి గుర్తు మాత్రమే. అమెరికన్ బొగ్గుగనుల యజమానులు కూలికింద సొంత బిళ్లలిచ్చి, వాటిని తమ దుకాణంలోనే ఖర్చుపెట్టించిన చరిత్ర మనకు తెలుసు. గనికార్మికుణ్ణి ఆకలి నెట్టింది. జూదరి తనంతట తానే వచ్చాడంటారు. తలుపుదాకా యీ మాట నిజం కావచ్చు. లోపలికి వచ్చిన తరువాత, నిర్ణయానికి అవసరమైన కొలబద్దను అతని చేతినుంచి తీసేసి, నిర్ణయం నీదే అనడం న్యాయమా?

బిళ్లమీద ముద్రించిన అంకెలో అబద్ధం లేదు. అయినా మనిషి తన శ్రమను తాను కొలుచుకోకుండా చేసి, దానివల్ల లాభం పొందే ఏర్పాటు మోసమేనని నేనంటాను. నీతివిచారణ మాటల నిజానిజాల దగ్గర ఆగిపోరాదు. వస్తువుల నిర్మాణాన్ని కూడా ప్రశ్నించాలి.