ఎంతవరకు దిద్దాలి?

"నవల పూర్తయింది" అనేది ఇంట్లోవాళ్ళకి చెప్పుకునే మాట. పబ్లిషరుకి కావలసింది సిద్ధమైన రాతప్రతి. ఈ రెంటికీ మధ్య బోలెడు చాకిరీ ఉంది. మూడో అధ్యాయంలో మేనత్త అయినావిడ పదో అధ్యాయానికి పిన్ని కాకూడదు. శ్రావణంలో నెల తప్పిన కోడలు సంక్రాంతికి పురుడు పోసుకోకూడదు. పేజీలకు అంకెలు వెయ్యాలి. పక్కన జాగా వదలాలి, ఎడిటరుకీ చోటుండాలిగా! కంప్యూటర్లో టైపు చేసి పంపినా, అచ్చు కోసం ఫాంటు మార్చేటప్పుడు ఒత్తులు జారిపోవచ్చు కనక ప్రూఫు మనమూ చదువుకోవాలి.

ఆ తరవాత వచ్చేది ప్రచురణకర్తల పద్ధతి. ఒకరు 'పెళ్ళి' అంటే ఇంకొకరు 'పెళ్లి' అంటారు. ఒకరికి 'చేశాడు' ముద్దు, మరొకరికి 'చేసాడు'. అత్తవారింటి ఆవకాయ రుచి వేరుగా ఉన్నట్టే ఇదీను. ఇలాంటి వాటికి పంతం అనవసరం. పుస్తకమంతా ఒకే తీరుగా ఉంటే చదివేవాళ్ళ కన్ను తడబడదు, మన కథకి వచ్చే నష్టమూ లేదు.

అయితే అన్నిటికీ ఇలాగే తల ఊపగలమా? చిక్కంతా ఇక్కడే. కరీంనగర్ పల్లెలో ముసలమ్మ "గిట్ల జేస్తవా బిడ్డా?" అంటుంది. దాన్ని ఎవరో "ఇలా చేస్తావా అమ్మా?" అని శుభ్రం చేశారనుకోండి. అర్థం ఏమీ చెడలేదు. కాని ముసలమ్మ మాత్రం వెళ్ళిపోయింది. ఆవిడ అరుగు మీద మరెవరో వచ్చి కూర్చున్నారు.

మాటను దిద్దడమంటే ఒక్కోసారి మనిషిని దిద్దడమే. "నీ మాట అచ్చుకి పనికిరాదు" అంటే, "నీ బతుకు అచ్చుకి పనికిరాదు" అన్నట్టు వినిపించదూ? గిడుగు రామమూర్తిగారు (1863-1940) వాడుక భాష కోసం అంతగా పోరాడింది, జనం మాట్లాడే మాటకి కాగితం మీద పరువు దక్కాలనే. ఆ పరువు ఒక ప్రాంతం వాడుకకే దక్కి, మరో ప్రాంతానికి దక్కకపోతే న్యాయం సగమే జరిగినట్టు.

అలాగని "నా అక్షరం కదిపితే ఊరుకోను" అని భీష్మించుకోవడమూ ఆత్మగౌరవం అనిపించుకోదు. గురజాడవారు 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' నాటకాన్ని బాగా పెంచి, మార్చి, 1909లో మళ్ళీ వేశారు. అంతటివారే తమ రాతను తిరగరాసుకున్నారు. మనం పదిసార్లు వాడిన 'గుండె ఝల్లుమంది'ని ఎడిటరు ఎనిమిది చోట్ల కొట్టేస్తే కోపమెందుకు చెప్పండి?

దిద్దుబాటు ఎదురైనప్పుడల్లా ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు: ఇప్పుడు పోతున్నది నా గొప్పా, పాత్ర గొంతా? నా గొప్పయితే సంతోషంగా వదులుకోవచ్చు. పాత్ర గొంతయితే, "ఇది ఇలాగే ఉండాలి" అని పక్కన రాసి, కారణం మర్యాదగా చెప్పాలి. ఆ ముసలమ్మ పబ్లిషరుకి తనంతట తాను ఉత్తరం రాసుకోలేదు. ఆవిడ తరపున అడగవలసింది మనమే.